ఫ్రెంచి నవలలో అండమాను: ఒక అనువాద పరిశీలనము

1. ప్రస్తావన

ఫ్రెంచి కథాసాహిత్యము తెలుగునకు అధికభాగము ఆంగ్లము ద్వారా వచ్చినది. యానామువంటి తెలుగు పట్టణము 1954 వరకు ఫ్రెంచి పరిపాలనమున నున్నను, హ్యూగో, ద్యూమా, మొపాసా, జోలా, వెర్న్ మొదలైనవారి రచనలు సామాన్య తెలుగు పాఠకునకు పరిచయమైనది ముఖ్యముగా ఆంగ్లానువాదముల మూలముననే. ఇట్టి సందర్భములలో తెలుగు అనువాదకుని యెదుట నిలుచునది మూలగ్రంథము కాదు. మూలమును తనకు తోచినట్లు చదివిన మరియొక అనువాదకుని గ్రంథము. ఆ నడిమి అనువాదకుడు ఏమి విడిచెనో, ఏమి చేర్చెనో, ఏ వాక్యమును ఏ వాక్యముతో కలిపెనో తెలియనిచో, అతని నిర్ణయములే మూలకర్త యభిప్రాయములుగ తెలుగులోనికి ప్రవేశించును.

ఈ విషయమును సామాన్య సూత్రములతో చర్చించుటకంటె ఒక చిన్న భాగమును నిశితముగ పరిశీలించుట మేలు. ఆ పరిశీలనమునకు జూల్ వెర్న్ రచించిన ‘ఎనుబది దినములలో భూప్రదక్షిణము’ అను నవలలోని అండమాను వర్ణనము మిక్కిలి తగినది. అది కొలది వాక్యముల భాగము. అయినను అందు ఒక కొండ యెత్తు, కొన్ని వృక్షముల పేర్లు, ఒక పక్షిజాతి, ఒక మానవసమాజమును గూర్చిన తీర్పు ఉన్నవి. వీనిలో మొదటి మూడింటియందు జరుగు పొరపాటు చిన్నది. నాలుగవదానియందు జరుగు పొరపాటు ఒక జనసమూహమునకు శతాబ్దముల తరబడి తగిలియున్న నిందను గూర్చినది.

2. మూలకృతి, అందలి సందర్భము

వెర్న్ నవల 1872 నవంబరు 6 నుండి డిసెంబరు 22 వరకు పారిస్ నగరపు ‘లె తాం’ పత్రికలో ధారావాహికముగ వెలువడి, 1873లో గ్రంథరూపమున ప్రకటితమైనది. కథానాయకుడైన ఫిలియస్ ఫాగ్ 1872 అక్టోబరు 25న కలకత్తాలో ‘రంగూన్’ అను ఇనుప పొగయోడ నెక్కి హాంకాంగ్ నగరమునకు బయలుదేరును. అతని సేవకుడు పాస్‌పార్తూ, సహగమనమునుండి రక్షింపబడిన ఔదా, రహస్యముగ వెంబడించు గూఢచారి ఫిక్స్ అదే ఓడలో నుందురు. ఆ ప్రయాణమును వర్ణించు పదునారవ ప్రకరణమున ఓడ గ్రేట్ అండమాను తీరముననుసరించి పోవును.

ఆ భాగమున కథకుడు చెప్పు సంగతులు ఇవి. ఓడ ద్వీపసమూహములో ముఖ్యమైన దీవి సమీపమునకు వచ్చును, 2,400 అడుగుల యెత్తుగల సాడిల్ పీక్ అను కొండ నావికులకు దూరమునుండియే గుర్తుగా నిలుచును, తీరమునకు దగ్గరగనే ఓడ సాగును, ద్వీపవాసులు కనబడరు. పిమ్మట వారినిగూర్చి రెండు మాటలు: వారు మానవసోపానమున కడపటి మెట్టున నున్న జీవులని ఒకటి, వారిని నరమాంసభక్షకులుగ చెప్పుట తప్పని మరియొకటి. తరువాత అడవులు, కొండలు, గుహలలో గూళ్లు కట్టు పక్షులు వర్ణింపబడును. అంతటితో అండమాను వెనుకబడి ఓడ మలక్కా జలసంధివైపు సాగిపోవును.

ఇచట గమనింపదగిన అంశ మొకటి కలదు. 1872 ఫిబ్రవరి 8న భారత రాజప్రతినిధియైన లార్డ్ మేయో పోర్ట్ బ్లెయిర్ సమీపమున హోప్‌టౌన్ రేవులో షేర్ అలీ అఫ్రీది అను ఖైదీ చేతిలో హతుడయ్యెను. అనగా నవలలోని ఓడ అండమానును దాటుటకు తొమ్మిది నెలలు ముందుగనే ఆ దీవుల పేరు ప్రపంచపత్రికల కెక్కినది. 1858 మార్చిలో స్థాపింపబడిన ఖైదీల వలస అప్పటికి పదునాలుగేండ్లది. అయినను వెర్న్ ఈ భాగమున ఖైదీల మాటయే యెత్తలేదు. అతనికి కావలసినది ఓడపైనుండి కనబడు దృశ్యము మాత్రమే. ఈ మౌనము మూలకర్తది. దానిని పూరించు అధికారము అనువాదకునకు లేదు. కాని అచట ఆ మౌనమున్నదని యెరుగుట అతనికి అవసరము.

3. అనువాదకుడు: జార్జి మేక్‌పీస్ టోల్

ఈ నవలను 1873లోనే ఆంగ్లీకరించి బోస్టన్ నగరమున ప్రకటించినవాడు జార్జి మేక్‌పీస్ టోల్. ఇతడు 1841లో జన్మించి 1893లో మరణించిన అమెరికా దేశీయుడు. న్యాయవాది, పత్రికారచయిత, రాజకీయవేత్త. 1866 నుండి కొంతకాలము ఫ్రాన్సులోని నాంత్ నగరమున అమెరికా కాన్సల్‌గ పనిచేసెను. నాంత్ వెర్న్ జన్మస్థలమే. అందుచేత ఇతని ఫ్రెంచి పరిజ్ఞానము నిఘంటువు నుండి మాత్రము వచ్చినది కాదని యెంచవచ్చును. బాలురకొరకు ఇతడు రచించిన వీరచరిత్రలలో మార్కోపోలో యాత్రలను గూర్చినది కూడ ఒకటి.

టోల్ అనువాదము త్వరితముగ సాగు కథనముతో, సరళమైన వాక్యములతో నేటికిని ఆంగ్లమున విరివిగ చదువబడుచున్నది. ఆ కాలపు అనువాదకులు పలువురు వెర్న్ నవలలలోని శాస్త్రభాగములను, భూగోళ వర్ణనములను నిర్దాక్షిణ్యముగ కత్తిరించిరి. వారితో పోల్చినచో టోల్ మూలమునకు చాలవరకు విధేయుడు. కావుననే అతని కృతిలోని చిన్న మార్పులు పరిశీలనార్హములు. నిర్లక్ష్యముగ పనిచేయువాని తప్పు ఆ గ్రంథమునకే పరిమితము. శ్రద్ధగ పనిచేయువాడు చేసిన మార్పు అనువాదకార్యము యొక్క స్వభావమునే చూపును.

4. కొండ, వృక్షములు, పక్షి

సాడిల్ పీక్ ఉత్తర అండమానులో దిగ్లీపూర్ సమీపమున నున్నది. దాని యెత్తు 732 మీటర్లు. అనగా ఇంగ్లీషు కొలతలో ఇంచుమించు 2,400 అడుగులే. ఫ్రాన్సులో పూర్వము వాడుకలోనుండిన అడుగు ఇంగ్లీషు అడుగుకంటె పెద్దది. ఆ కొలతలో 2,400 అడుగులనిన సుమారు 780 మీటర్లగును. వెర్న్ ఇచ్చిన సంఖ్య ఇంగ్లీషు కొలతకే సరిపోవుచున్నది కనుక అతని భూగోళసమాచారము ఆంగ్ల ఆధారములనుండి వచ్చియుండునని ఊహింపవచ్చును. టోల్ సంఖ్యను యథాతథముగ నిలిపెను. ఈ సందర్భమున అదియే సరియైన పని. తెలుగు అనువాదకుడు దానిని ఫ్రెంచి అడుగులుగ భావించి మీటర్లలోనికి మార్చినచో సరియైనదానిని తప్పుచేసినవాడగును.

వృక్షముల పట్టికలో వెర్న్ ఏడు పేర్లు చెప్పెను. టోల్ వానిలో జాజికాయ చెట్టును విడిచెను. ఒక ప్రత్యేక తాళజాతిని సామాన్యముగ తాళవృక్షమనెను. ఆంగ్లమునుండి అనువదించు తెలుగువాడు ఈ లోపమును తెలిసికొను మార్గము లేదు. నిజమునకు ఈ పట్టికయందు ఆంగ్లముకంటె తెలుగే మూలమునకు దగ్గర కాగలదు. పోక, వెదురు, జాజి, టేకు అను మాటలు తెలుగు రైతునకును, వర్తకునకును నిత్యపరిచితములు. ఐరోపా పాఠకునకు వింతగ తోచిన చెట్లు తెలుగు పాఠకునకు ఇంటి పెరటివి, అంగడివి. మూలమున ఆ పేర్లు కలిగించు విదేశవిస్మయము తెలుగులో కలుగదు; దానికి బదులుగ పరిచయము కలుగును. ఇది నష్టమా, లాభమా యను ప్రశ్న వేరు. కాని వింతదనమును నిలుపుటకై ‘అరెక’, ‘బాంబూ’ అని వ్రాయుట మాత్రము హాస్యాస్పదము.

టేకు విషయమున తప్పు వెర్న్‌దే. అది అండమానులకు సహజమైన వృక్షము కాదు. వలస పాలనమున నాటబడినది. ఆ అడవులకు ప్రసిద్ధి తెచ్చినది పడౌక్ వృక్షము. ఇట్టి తప్పును గ్రంథభాగమున దిద్దరాదు; అవసరమని తోచినచో అధోజ్ఞాపికలో సూచింపవలెను.

పక్షి విషయమున వెర్న్ వాడిన మాట ‘సలంగాన్’. అది తన లాలాజలముతో గూడు కట్టుకొను చిన్న పక్షి. చీనాదేశమున ఆ గూళ్లను విలువైన భోజ్యముగ వాడుదురు. అండమాను గుహలలో నేటికిని ఈ పక్షులు కలవు. టోల్ దానిని ‘విలువైన స్వాలో పక్షులు’ అను నర్థమున అనువదించెను. స్వాలో వేరుజాతి, అది మట్టితో గూడు కట్టును. ఆంగ్లమునుండి తెలుగు చేయువాడు నిఘంటువు ననుసరించి ‘వానకోయిల’ యని వ్రాసినచో, వానకోయిల గూడును చీనావారు తిందురను వింతవార్త తెలుగున పుట్టును. ‘గూళ్లు తినదగిన గుహపక్షి’ యని సాదాగ చెప్పుటయే ఇచట క్షేమము.

5. ద్వీపవాసులను గూర్చిన వాక్యములు

ఇక ముఖ్యవిషయము. మూలమున ద్వీపవాసులను గూర్చి రెండు వేరువేరు వాక్యములు కలవు. మొదటిది వారు కనబడలేదని చెప్పి ముగియును. రెండవది వారిని గూర్చి తీర్పు చెప్పును. టోల్ ఈ రెంటిని ఒకే వాక్యముగ కూర్చెను. రెండవ వాక్యములోని తీర్పును సంబంధవాచక సర్వనామముతో మొదటి వాక్యపు కర్తకును క్రియకును నడుమ ఇమిడ్చెను. అంతేగాక ఓడ తీరమునకు దగ్గరగ పోయెనను మాటకును, ద్వీపవాసులు కనబడలేదను మాటకును నడుమ ‘కాని’ యను నర్థముగల సముచ్చయము నొకదానిని చేర్చెను. మూలమున ఆ మాట లేదు.

ఈ కూర్పువలన మూడు మార్పులు కలిగినవి.

మొదటిది ‘కాని’ వలన కలిగినది. మూలమున ద్వీపవాసులు కనబడకపోవుట ఒక సమాచారము మాత్రమే. ఆంగ్లమున అది ఆశాభంగము. ఓడ అంత దగ్గరగ పోయినను వారు కనబడలేదనుటలో, కనబడవలసినదను నిరీక్షణ ధ్వనించుచున్నది. మనుష్యులు చూడదగిన దృశ్యములైనారు. ఈ నిరీక్షణ గ్రంథమునకే పరిమితమైనది కాదు. 1956లోనే ఆదిమజాతుల రక్షణకై నిబంధన ఏర్పడినను, జరవాల నివాసప్రాంతముగుండ పోవు అండమాను ట్రంక్ రోడ్డుపై యాత్రికులు వారిని చూచుటకే ప్రయాణము చేయుచున్నారని 2012లో దేశవ్యాప్తముగ విమర్శ చెలరేగినది. ఒక్క అవ్యయమున దాగిన దృష్టి ఎంతదూరము పోగలదో దీనివలన తెలియుచున్నది.

రెండవది ‘తప్పుగ’ అను మాట విషయము. మూలమున వెర్న్ ‘ఆ తోర్’ అను పదబంధమును వాడెను. దానికి ‘అన్యాయముగ’, ‘తప్పుగ’ అని యర్థము. అట్లు చెప్పువారియందు దోషమున్నదను భావము అందు స్పష్టము. టోల్ దానిని, వారు కొందరు చెప్పినట్లు నరభక్షకులు కారు, అను నర్థమున మార్చెను. నిరాకరణము మిగిలినది, దోషారోపణము జారిపోయినది. ఒకరు చెప్పినది నిజము కాదనుట వేరు. అట్లు చెప్పుట అన్యాయమనుట వేరు.

మూడవది టోల్ పక్షమున చెప్పవలసినది. వెర్న్ ద్వీపవాసులను మనుష్యులనక ‘జీవులు’ అను నర్థముగల మాటతో పేర్కొనెను. టోల్ ఆ మాటను విడిచెను. అందుచేత ఈ ఒక్కచోట ఆంగ్లము మూలముకంటె మృదువైనది. వెర్న్ చేసిన నిరాకరణము ఎంత ఉదారమో, ఆ నిరాకరణమునకు ముందు నిలిచిన తిరస్కారము అంత కఠినము. రెండును అతనివే. ఒకదానిని నిలిపి మరియొకదానిని దాచు అనువాదము మూలకర్తకు న్యాయము చేయదు, పాఠకునకును న్యాయము చేయదు.

6. తెలుగు వాక్యస్వభావము

టోల్ వాక్యము తెలుగునకు వచ్చునపుడు మరియొక చిక్కు కలదు. తెలుగున సంబంధవాచక ఉపవాక్యమునకు బదులు ధాతుజవిశేషణము వాడబడును. 1858లో ప్రకటితమైన బాలవ్యాకరణమున చిన్నయసూరి ఈ రూపములను వివరించెను. ధాతుజవిశేషణము ఎల్లప్పుడును విశేష్యమునకు ముందు నిలుచును. తాను చెప్పు విషయమును కొత్తగ ప్రతిపాదింపక, ముందే తెలిసినదానివలె చూపును.

ఒక చిన్న యుదాహరణము: ‘డబ్బు కాజేసిన సేవకుడు రాలేదు’. ఈ వాక్యమున వక్త చెప్పదలచినది సేవకుడు రాలేదని. కాజేయుట చర్చకు రాదు. అది నిశ్చితమైనట్లు వచ్చి పోవును. వినువాడు ‘కాదు, వచ్చినాడు’ అని ఖండించినను, రాకపోవుటయే ఖండితమగును గాని దొంగతనము ఖండితము కాదు. ‘సేవకుడు రాలేదు. అతడు డబ్బు కాజేసినాడు’ అని రెండు వాక్యములుగ చెప్పినచో, వినువాడు రెండవ మాటను వేరుగ ప్రశ్నింపవచ్చును. అర్థము ఒక్కటియే యనిపించినను, ప్రశ్నించు అవకాశము రెండింట సమానముగ లేదు.

ఆంగ్ల సంబంధవాచక ఉపవాక్యమునకు కామాలవలన కొంత స్వతంత్రత మిగులును. తెలుగు ధాతుజవిశేషణమునకు ఆ మాత్రము స్వతంత్రత కూడ లేదు. అనగా వెర్న్ వేరువాక్యముగ చేసిన తీర్పు, టోల్ చేతిలో ఉపవాక్యమై, తెలుగులో విశేషణమగును. మూలమున ఒక రచయిత యభిప్రాయముగ నుండినది తెలుగున ద్వీపవాసుల సహజలక్షణమైపోవును. ఈ దిగజారుటకు తెలుగు అనువాదకుని దురభిప్రాయము కారణము కాదు. అతడు కేవలము వ్యాకరణము ననుసరించెను. దోషము అతనికే తెలియకుండ జరుగును. ఈ పరిశీలనమున ముఖ్యముగ తేలుచున్న విషయమిదియే.

ఈ చిక్కు తెలుగునకు మాత్రమే కాదు. తమిళ, కన్నడ, మలయాళ భాషలందును ఇట్టి విశేషణరూపమే ప్రధానము. హిందీ, బెంగాలీలయందు యత్తదర్థక వాక్యములు సహజముగ నడచును గనుక వానికి ఇబ్బంది తక్కువ. తెలుగున ‘ఎవరు … వారు’ అను కూర్పు సాధ్యమైనను కథనమున అది శాస్త్రవాక్యమువలె బరువుగ నుండును. ఈ భాషలన్నియు నేడు అండమాను దీవులలోనే పక్కపక్కన నివసించుచున్నవి. 2011 జనగణనము ప్రకారము ఆ దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగ గలవారు సుమారు 13 శాతము. బెంగాలీ, హిందీ, తమిళముల తరువాత స్థానము తెలుగుదే. కావున అండమానును గూర్చిన తెలుగు వాక్యమును చదువువారిలో ఆ దీవుల నివాసులును ఉందురు. వెర్న్ పాఠకునకు అండమాను ఓడనుండి కనబడు తీరము. ఈ తెలుగు పాఠకునకు అది ఊరు.

చిక్కునకు పరిష్కారము కూడ తెలుగుననే కలదు. వాక్యమును విడగొట్టుట తెలుగు కథనమునకు మిక్కిలి సహజము. పైగా వెర్న్ చెప్పిన ‘తప్పుగ’ అను భావమునకు తెలుగున సిద్ధమైన మాట ‘అపవాదు’. వ్యాకరణశాస్త్రమున అపవాదము వేరు. లోకవ్యవహారమున అపవాదు అనగా ఆధారము లేని నింద. నింద యున్నదని, అది నిరాధారమని, వేయువారియందు దోషమున్నదని మూడును ఆ ఒక్క మాటలో ఇమిడియున్నవి. ఆంగ్లమును నమ్మి ‘అట’ ప్రయోగించినచో, వార్త నిజమో కాదో తేలక నిలుచును. ‘కారు’ అని మాత్రము వ్రాసినచో నిందించినవారి దోషము కనుమరుగగును. ‘అపవాదు’ అనినచో ఆంగ్లమున జారిపోయినది తెలుగున తిరిగి దొరకును.

7. పేర్లు, విశేషణములు

వెర్న్ ద్వీపవాసులకు ‘పపూవా’ యను పేరు పెట్టెను. అది న్యూగినీ ప్రాంతవాసులకు చెందిన పేరు. అండమాను వాసులకు చెల్లదు. పందొమ్మిదవ శతాబ్దపు రచనలలో నల్లని దేహచ్ఛాయగల ద్వీపజనులనందరిని ఒకే పేరుతో పిలుచుట కలదు. గ్రేట్ అండమానీయులు, ఓంగీలు, జరవాలు, సెంటినలీయులు అను విభాగములు వెర్న్ ప్రసక్తిలో లేవు. అనువాదకుడు గ్రంథమున పపూవా యనుమాటను నిలిపి, అది పొరబాటని జ్ఞాపికలో తెలుపుటయే తగినది. మార్చి వ్రాసినచో 1872 నాటి అజ్ఞానము దాగిపోవును. జ్ఞాపిక లేకున్నచో ఆ అజ్ఞానము నేటి విజ్ఞానముగ చెలామణి యగును.

‘సోవాజ్’ అను ఫ్రెంచి విశేషణము అడవి యనునర్థముగల లాటిన్ పదమునుండి పుట్టినది. వ్యుత్పత్తిచే దానికి సరియైన తెలుగుమాట ‘ఆటవికులు’. అదే మూలమునుండి వచ్చిన ఆంగ్లపదమున క్రూరత్వచ్ఛాయ బలపడినది. ఆంగ్లము ద్వారా వచ్చువాడు ‘క్రూరులు’, ‘అనాగరికులు’ అని వ్రాయు ప్రమాదమున్నది. అయితే వెర్న్ కాలపు ఫ్రెంచిలోను ఆ పదమున తక్కువచూపు లేకపోలేదు. ‘ఆటవికులు’ అనుమాటకు తెలుగుదేశమున మరియొక స్మృతి కూడ తోడైనది. 1922-24 నాటి మన్యపు తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొర అండమానులో శిక్ష ననుభవించి, 1952లో తొలి లోకసభకు ఎన్నికయ్యెను. అడవి మనిషి యనిన కడపటి మెట్టువాడను భావము అట్టి చరిత్ర నెరిగిన పాఠకునకు సులభముగ కలుగదు. అనువాదకుడు ఎన్నుకొను మాట మూలార్థమునే కాక, తన భాషలో ఆ మాట కున్న చరిత్రనుకూడ వెంట తెచ్చునని దీనివలన స్పష్టము.

8. స్థలసత్యము

ఈ నరభక్షణాపవాదు చాల ప్రాచీనమైనది. తొమ్మిదవ శతాబ్దపు అరబ్బు యాత్రావృత్తాంతములందును, పదుమూడవ శతాబ్దాంతపు మార్కోపోలో కథనమునందును అది కలదు. మార్కోపోలో ఆ ద్వీపవాసులకు కుక్క ముఖములున్నవని కూడ చెప్పెను. వెర్న్ 1872లో ఆ నిందను నిరాకరించిన పిమ్మట సైతము, 1890లో ఆర్థర్ కానన్ డాయిల్ తన ‘సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో దానిని పునరుద్ధరించి, అండమాను వాసిని భయంకర పాత్రగ చిత్రించెను. కావున వెర్న్ ఒక్క మాటతో చేసిన నిరాకరణము స్వల్పము కాదు. సాహిత్యమున అపవాదులు ఒకమారు ఖండింపబడినంతమాత్రాన నశింపవు. ఖండనమును ప్రతి అనువాదమును మరల మోయవలసియున్నది.

ఇ. హెచ్. మాన్, పోర్ట్‌మన్, రాడ్‌క్లిఫ్-బ్రౌన్ మొదలైనవారి రచనలు ఆ ద్వీపవాసుల జీవనవిధానమును విపులముగ వర్ణించినవి. నరభక్షణకు ఆధారము దొరకలేదు. కడపటి మెట్టు అను తీర్పునకు భాషాశాస్త్రము వేరొక సమాధానము చెప్పినది. గ్రేట్ అండమానీ భాషను పరిశోధించిన అన్వితా అబ్బి, దాని వ్యాకరణమంతయు మానవదేహభాగముల వర్గీకరణముపై నిర్మితమైనదని నిరూపించెను. నామములకును, క్రియలకును, విశేషణములకును దేహభాగసూచకములైన ఉపసర్గములు చేరును. అట్టి సూక్ష్మవ్యవస్థ గల భాషను మాటలాడినవారిని సోపానపు అడుగున నిలుపుట, సోపానమును కట్టినవారి పరిజ్ఞానలోపమునే చూపును.

ఆ భాషల గతి విషాదకరమైనది. వలస యేర్పడిన మరుసటి యేడే, 1859లో, ఆబర్డీన్ వద్ద ద్వీపవాసులకును పాలకులకును పోరు జరిగినది. 1877లో తట్టు వ్యాధి వారిలో అనేకులను బలిగొన్నది. 1961 జనగణనమున గ్రేట్ అండమానీయులు 19 మంది మాత్రమే. 2011లో 44 మంది. బో భాషను మాటలాడిన చివరి వ్యక్తి బోవా సీనియర్ 2010 జనవరిలో మరణించినది. వెర్న్ ఓడకు కనబడని జనులు తరువాతి కాలమున నిజముగనే కనుమరుగగుచు వచ్చిరి. వారు కనబడలేదను వాక్యమును నేడు అనువదించువాడు ఈ సంగతి నెరుగక వ్రాయుటకు వీలులేదు.

9. ఫలితాంశములు

ఈ పరిశీలనమున తేలిన విషయములు మూడు. మొదటిది: నడిమి భాషనుండి అనువదించువాడు వ్యక్తులను, జాతులను గూర్చిన తీర్పులున్నచోటనైనను మూలమును సంప్రదింపవలెను. గ్రంథమంతయు పోల్చుట సాధ్యము కాకున్నను, అట్టి చోట్లు ఏ నవలలోనైనను కొలదిగనే యుండును. రెండవది: తీర్పు చెప్పు వాక్యమును ధాతుజవిశేషణముగ కుదింపరాదు. అది ఎవరి యభిప్రాయమో తెలియునట్లు వేరువాక్యముగ నిలుపవలెను. మూడవది: మూలకర్త తప్పును గ్రంథమున దిద్దరాదు, జ్ఞాపిక లేక విడువరాదు. కఠినమైన మాటను మృదువుచేయుటయు, మృదువైన మాటను కఠినము చేయుటయు సమానదోషములే.

టోల్ శ్రద్ధగల అనువాదకుడు. ఫ్రాన్సులో నివసించి, ఆ భాషను తెలిసి, మూలమును గౌరవించి పనిచేసెను. అతని చేతిలోను ఒక ‘కాని’ చేరినది, ఒక ‘తప్పుగ’ జారినది, రెండు వాక్యములు ఒకటైనవి. ఇవి ఆంగ్ల పాఠకుడు గమనింపని చిన్న మార్పులు. ఆ ఆంగ్లమునుండి తెలుగునకు వచ్చునపుడు అవే మార్పులు పెద్దవై, ఒక జాతిని గూర్చిన అభిప్రాయము ఆ జాతి లక్షణమగుచున్నది. ఆ జాతిలో మిగిలిన కొలదిమందియు, తెలుగు పాఠకులును ఒకే ద్వీపసమూహమున నివసించుచున్నారు. వారిపై పడిన నింద అపవాదని వెర్న్ 1872లోనే చెప్పెను. ఆ మాటను చెడకుండ తెలుగునకు చేర్చుట అనువాదకుని పని.